తలుపు తట్టే చోట తొందరపడకు

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న మీ ఇంటి నుంచి చిత్తూరుకు తిరిగి వస్తూ, నువ్వు నా ఫోనులో వేసి ఇచ్చిన కథను బస్సులోనే విన్నాను. చంద్రగిరి దాటాక మొదలుపెడితే పూతలపట్టు చేరేలోగా అయిపోయింది. నీ గొంతు బాగుంది, తెలుగు చేసిన తీరు ఇంకా బాగుంది. పాత దయ్యాల కథలను ఇలా ఒక్కొక్కటే చదివి అందరికీ వినిపించాలన్న నీ ఆలోచన నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. ఒక్క చోట మాత్రం మనసు ఒప్పుకోలేదు. ఫోనులో చెబితే సగం మరిచిపోతానని ఉత్తరం రాస్తున్నాను.

మీ పెదనాన్నకు చూపు పోయాక తొమ్మిదేళ్లు ప్రతి రాత్రీ నేనే పుస్తకం చదివి వినిపించాను. భయం పుట్టించే కథలంటే ఆయనకు ప్రాణం. మొదట్లో నేనూ నీలాగే గొంతు వణికించేదాన్ని, గుసగుసలు పోయేదాన్ని. ఆయన చెయ్యి పైకెత్తి ఆపేవారు. “భయమంతా నువ్వే పడితే నాకేం మిగిలింది?” అనేవారు. చదవడం నాకు ఆ చెయ్యే నేర్పింది.

డబ్ల్యూ. డబ్ల్యూ. జేకబ్స్ ‘మంకీస్ పా’ (కోతి పంజా) 1902లో అచ్చయింది. నువ్వు చదివిన ఆ కథలో చివరి ఘట్టం మళ్లీ చూడు. కొడుకు కార్ఖానాలో యంత్రంలో చిక్కుకుని చనిపోయాడు, పాతిపెట్టి వచ్చారు. కోరికలు తీర్చే ఆ కోతి పంజాను పట్టుకుని, కొడుకు బతికి రావాలని తల్లి భర్త చేత కోరించింది. అర్ధరాత్రి తలుపు చప్పుడైంది. తల్లి గడియ తీయడానికి పరుగెత్తింది, పై గడియ అందక భర్తను పిలుస్తోంది. ఆయన పైన చీకట్లో నేల మీద పాకుతూ, ఆ కోరికను వెనక్కి తిప్పడానికి పంజా కోసం తడుముకుంటున్నాడు. నువ్వు ఇద్దరినీ ఒకే వణుకుతో చదివావు. తల్లికి భయం ఎక్కడిది తల్లీ? బిడ్డ వచ్చాడు, అంతే ఆమెకు తెలిసింది. వానలో తడిసి బడి నుంచి వచ్చిన పిల్లవాడికి తలుపు తీయబోయే అమ్మ గొంతు ఎలా ఉంటుందో అలా చదువు. ఆత్రం ఉండాలి, గడియ అందడం లేదన్న విసుగు ఉండాలి. భయమంతా తండ్రిది, అది ఆయన చేతుల్లో ఉంది. ఆమె ఎంత ఆశగా పిలిస్తే వినేవాళ్లకు అంతగా ఒళ్లు జలదరిస్తుంది.

తలుపు చప్పుడయ్యాక రెండుసార్లు ఊపిరి తీసుకునేంత సేపు ఆగు. నువ్వు ఆగావు కానీ అక్కడ శబ్దమంతా తుడిచేశావు. చార్జింగు అయిపోయిందేమోనని నేను సంచిలోంచి ఫోను తీసి చూశాను! అంధ విద్యార్థులకు పాఠ్యపుస్తకాలు రికార్డు చేసిన రోజుల్లో నాకు తెలిసివచ్చిన సంగతి ఇది: ఖాళీ గదికి కూడా ఒక సన్నని చప్పుడు ఉంటుంది. చదవబోయే ముందు అర నిమిషం ఏమీ మాట్లాడకుండా ఆ గదిని రికార్డు చేసి పెట్టుకో. విరామాల్లో అదే వేయి. సంగీతం మాత్రం దయచేసి వద్దు.

మీ ఇల్లు రైల్వే స్టేషనుకు దగ్గర కాబట్టి కూతలు తప్పవు. కూత వినపడితే ఆపి, వాక్యాన్ని మొదటి నుంచి అందుకో. ఫ్యాను ఆపి, బట్టల బీరువా తలుపులు తెరిచి దానికి ఎదురుగా కూర్చో. వెనుక ఒక బొంత వేలాడదీస్తే గొంతు గోడలకు తగిలి తిరిగి రాదు. మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు ఉండాలి. ఎదురుగా పెడితే ‘భయం’, ‘భూతం’ అన్నప్పుడల్లా ఊపిరి దెబ్బ వినిపిస్తుంది, మరి ఈ కథల్లో ఆ మాటలే ఎక్కువ.

తరువాత ఎం. ఆర్. జేమ్స్‌ను చేపట్టు. ఆయన కేంబ్రిడ్జిలోని కింగ్స్ కాలేజీలో క్రిస్మస్‌కు స్నేహితులకు చదివి వినిపించడానికే చాలా కథలు రాశాడు. తొలి సంపుటి 1904లో వచ్చింది. చెవి కోసం పుట్టిన కథలు కాబట్టి నీకు అడ్డుపడవు. అందులో ఈల కథ ఉంది. ఖాళీగా ఉండవలసిన రెండో మంచం మీద దుప్పట్లలోంచి ఏదో లేచి కూర్చుంటుంది, దానికి నలిగిన గుడ్డలాంటి ముఖం. దాన్ని ‘దయ్యం’ అనకు, ‘పిశాచం’ అనకు. ‘అది’ అను చాలు. మన ‘అది’ ఆడమనిషికీ వస్తువుకూ జంతువుకూ సరిపోతుంది. ఏమిటో తేలక వినేవాళ్లు చెవులు రిక్కిస్తారు. ఇంగ్లీషు చదువరికి లేని సౌకర్యం నీకుంది, వాడుకో.

అమెరికా భయానక కథల రచయిత లవ్‌క్రాఫ్ట్‌ను ఇప్పుడే ముట్టుకోకు. ఆయన విశేషణాలు తెలుగులో సమాసాలై కూర్చుంటాయి, వినేవాళ్లు రెండో వాక్యానికే జారిపోతారు. ‘డ్రాకులా’ ఒక్కదానివే చదవకు. 1897 నాటి ఆ నవలంతా డైరీలు, ఉత్తరాలు, టెలిగ్రాములు, పత్రికా వార్తలు. నలుగురు స్నేహితులు పంచుకుని చదవాలి. అందులో డాక్టర్ సెవార్డ్ తన డైరీని ఫోనోగ్రాఫులో మాట్లాడి దాచుకుంటాడు. అదే నవలలోని మీనా అది విని, ఆయన దుఃఖం గొంతులో అంత పచ్చిగా తెలుస్తోందని, ఇంకెవరూ వినాల్సిన అవసరం లేకుండా టైపు చేసిపెడుతుంది. ఆ పుట చదివినప్పుడల్లా నాకు మీ పెదనాన్న గుర్తొస్తారు.

హక్కుల సంగతి మరిచిపోకు. మన దేశంలో రచయిత పోయిన తరువాత అరవై ఏళ్ల వరకు హక్కు ఉంటుంది. జేకబ్స్ 1943లో, జేమ్స్ 1936లో పోయారు కాబట్టి మూలాలతో చిక్కు లేదు. కానీ ఎవరో చేసిన తెలుగు అనువాదానికి ఆ అనువాదకుడి హక్కు వేరే ఉంటుంది. కాబట్టి నీ అనువాదమే చదువు. 2005లో మొదలైన ఆడియో పుస్తకాల వెబ్‌సైటు లిబ్రివాక్స్‌లో స్వచ్ఛందంగా చదివినవాళ్ల ఇంగ్లీషు రికార్డింగులు ఉచితంగా దొరుకుతాయి. ఒకే కథను ఇద్దరు ముగ్గురు చదివినవి విని, ఎవరు ఎక్కడ ఆగారో పెన్సిలుతో గుర్తు పెట్టుకో.

ముందు ఆ చివరి రెండు పుటలు మళ్లీ చదివి పంపు. పెదనాన్న వాడిన శంకరనారాయణ ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు నీ కోసం గుడ్డలో చుట్టి పెట్టాను. ఈసారి వచ్చినప్పుడు తీసుకెళ్లు. అట్ట ఊడింది, ‘ఎస్’ అక్షరం దగ్గర పుటలు విడిగా ఉన్నాయి, జారిపోకుండా చూసుకో.

మీ పెద్దమ్మ
కట్టమంచి, చిత్తూరు