చెట్టెక్కే మనిషికి నడుము బెల్టు చాలా?

ప్రశ్న: అన్నా, మాది పుంగనూరు దగ్గర పల్లె. మా ఆయన ఏటా చింతచెట్లు గుత్తకు తీసుకుని కాయ దులుపుతాడు. పోయినేడు పక్కూరాయన కొమ్మ మీద నుంచి పడి ఇప్పటికీ మంచంలోనే ఉన్నాడు. నాకు ఒకటే టెన్షన్. హార్డ్‌వేర్ షాపులో నడుముకు కట్టే బెల్టు, నైలాన్ తాడు తెచ్చాము. ఇవి సరిపోతాయా?

జవాబు: సరిపోవమ్మా. జారితే ఒంటి బరువంతా ఆ ఒక్క పట్టీ మీదే పడుతుంది. పక్కటెముకలు, వెన్ను దెబ్బతింటాయి, తలకిందులైతే బెల్టులోంచి జారిపోవచ్చు కూడా. భుజాలకూ తొడలకూ పట్టీలుండే ఫుల్ బాడీ హార్నెస్ కొనండి. లేబుల్ మీద ఐఎస్ 3521 అని (ఇలాంటి బెల్టులు, హార్నెస్‌లకు మన దేశ ప్రమాణం నంబరు) ఉండాలి, ఛాతీ దగ్గర కూడా రింగు ఉండాలి. తొడ పట్టీ బిగించాక అరచేయి దూరాలి, పిడికిలి దూరకూడదు.

హార్నెస్ కంటే ముఖ్యం తాడు ఎక్కడ కట్టామన్నది. పలమనేరు, కుప్పం వైపు నేను ఎక్కువగా చూసేది, కాళ్ల దగ్గరి కొమ్మకు తాడు కట్టి పై కొమ్మకు పోవడం. రెండు మీటర్ల తాడుతో అలా పైకి పోయి జారితే నాలుగు మీటర్లు పడ్డాకే ఆగుతాడు. సాగని తాడైతే ఆ కుదుపే ప్రాణం మీదికి తెస్తుంది. తాడు ఎప్పుడూ తలపైనుంచే రావాలి, వదులు ఉండకూడదు. సన్న దారానికి చిన్న ఇసుకమూట కట్టి, పైన పచ్చిగా లావుగా ఉన్న పంగ మీదుగా విసిరి, దాంతో అసలు తాడును లాక్కోవాలి. ఒక కొసను మాను మొదలుకు కట్టి, రెండో కొసను ఇద్దరు కలిసి పట్టుకుని వేలాడి చూడాలి. ఆ తాడు మీద సన్నతాడుతో మూడు చుట్ల ప్రూసిక్ ముడి వేసి ఛాతీ రింగుకు తగిలించాలి. ఎక్కేకొద్దీ ముడిని పైకి జరుపుకుంటాడు, బరువు పడగానే అది బిగుసుకుంటుంది. ఇది తెలిసినవాళ్ల దగ్గర నేర్చుకుని, ముందు మనిషెత్తులోనే అలవాటు చేసుకోవాలి. తాడు కనీసం 11 మిల్లీమీటర్లది, మనుషులు ఎక్కడానికని తయారుచేసినదే కావాలి. పశువుల పలుపు, ఎండకు పాడైన నైలాన్ వద్దేవద్దు.

తెలంగాణలో 2024లో గీత కార్మికులకు ఇవ్వడం మొదలుపెట్టిన కాటమయ్య రక్షణ కవచం అనే సేఫ్టీ కిట్ గురించి కొందరు అడుగుతున్నారు. మంచి పనే, కానీ అది కొమ్మల్లేని తాటిచెట్టు కోసం. చింతమాను పని వేరు.

ఆయన్ని ఒంటరిగా పంపొద్దు. స్పృహ తప్పి హార్నెస్‌లో వేలాడితే నిమిషాల్లోనే ప్రమాదం. కింద ఉన్నవాళ్లలో ఒకరికైనా ఎక్కి దించడం రావాలి, 108కి ఫోన్ చేయడానికి ఇంకొకరు ఉండాలి. కరెంటు తీగలు తగిలే చెట్టును గుత్తకే తీసుకోవద్దు. చివరి కొమ్మల కాయను దోటితోనే దులపమనండి. కొంత చెట్టుమీదే మిగిలినా పోనీయండి.