జర్మన్ మానిపించాలా?

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. లెక్కలు, సైన్సుకు టైము చాలదు, జర్మన్ మానిపించమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మానిపించకండి. జర్మన్, సైన్సు మీరనుకున్నంత దూరపు చుట్టాలు కావు. సోడియంకి గుర్తు ఎన్ఏ ఎందుకని పిల్లలు బుర్ర గోక్కుంటారు. జర్మన్‌లో దాని మామూలు పేరే నాట్రియుం. హైడ్రోజన్‌ని 'వాసర్‌స్టోఫ్' అంటారు, అంటే నీటి పదార్థం. మన పాత తెలుగు పుస్తకాల 'ఉదజని' కూడా అదే కదా! ఆక్సిజన్ 'సావర్‌స్టోఫ్', పులుపు పదార్థం, మనకు ఆమ్లజని.

పిల్లలు తడబడేది ఎక్కువగా లింగాల దగ్గర. చెంచా పుంలింగం (డెర్ లోఫెల్), ఫోర్కు స్త్రీలింగం (డీ గాబెల్), కత్తి నపుంసకం (డస్ మెస్సర్). తర్కం వెతికితే దొరకదు. మాటని ఒంటరిగా బట్టీపడితే తర్వాత ప్రతి వాక్యమూ తప్పుతుంది, అందుకే నోట్సులో డెర్, డీ, డస్‌లతో కలిపే రాయించండి. లెక్కల్లో ఇంకో చిక్కు: అక్కడ దశాంశానికి చుక్క బదులు కామా. 2,5 అంటే రెండున్నర.

టైమంటారా, మొదటి మెట్టు ఏ1కి సుమారు 80 నుంచి 200 పీరియడ్లు పడుతుంది. రోజూ ఇరవై నిమిషాలు చాలు. ఆదివారం మూడు గంటలు కూర్చోబెడితే బుధవారానికి సగం మరిచిపోతుంది. జర్మనీలో డిగ్రీ కోర్సులు ఎక్కువగా జర్మన్‌లోనే ఉంటాయి. ఆ ఆలోచనుంటే ఇంటర్ అయ్యాక మొదలెట్టడం ఆలస్యమే.