అప్పు తెచ్చి ఎటర్నల్ షేర్లు కొన్నాను, ఉంచాలా అమ్మాలా?

ప్రశ్న: వయసు 34. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం. చేతికి రూ.82 వేలు వస్తుంది, ఇంటి ఖర్చు రూ.52 వేలు. ఏడు నెలల కిందట 13 శాతం వడ్డీకి నాలుగేళ్ల పర్సనల్ లోన్ రూ.6 లక్షలు తీసుకుని, మొత్తం ఎటర్నల్ (పాత జొమాటో) షేర్లు కొన్నాను. ఇప్పుడు వాటి విలువ రూ.8.10 లక్షలు. బ్యాంకులో మరో రూ.40 వేలున్నాయి. ధర మరీ పెరిగిపోయిందని కొందరు, ఇది ఆరంభమేనని కొందరు అంటున్నారు. మా ఆవిడ నగలు తాకట్టు పెట్టి ఇంకో రూ.4 లక్షలు పెట్టనా?

జవాబు: వద్దు. నగలు బీరువాలోనే ఉండనివ్వండి.

ధర మరీ పెరిగిపోయిందా, ఇది ఆరంభమేనా అన్న వాదన ఆ షేరు లిస్టయినప్పటి నుంచీ ఉన్నదే. 2021 జులైలో రూ.76కు ఐపీఓ (షేర్ల తొలి అమ్మకం) వచ్చినప్పుడు, కంపెనీల విలువ కట్టడంలో పేరున్న ఫైనాన్స్ ప్రొఫెసర్ అశ్వథ్ దామోదరన్ షేరు విలువ రూ.41 అని కట్టారు. నవంబరులో అది రూ.169 తాకింది. మరుసటి జులైలో పాత ఇన్వెస్టర్ల లాక్-ఇన్ (షేర్లు అమ్మకూడని గడువు) ముగియగానే రూ.41 కిందికి జారింది. 2024 డిసెంబరులో రూ.300 దాటింది. అంటే రెండు వర్గాల మాటా ఒక్కోసారి నిజమైంది. 2024-25లో కంపెనీ లాభం రూ.527 కోట్లు. షేరు రూ.300 ఉంటే కంపెనీ విలువ దాదాపు రూ.2.9 లక్షల కోట్లు, లాభానికి 550 రెట్లు. నిమిషాల్లో సరుకులు ఇంటికి చేర్చే తన బ్లింకిట్ స్టోర్ల మీద కంపెనీ పెట్టే ఖర్చు తగ్గితే లాభం ఎగబాకుతుందన్నది కొనేవాళ్ల ధీమా. కావచ్చు. సొంత డబ్బైతే ఆ ధీమాతో ఐదేళ్లు ఆగొచ్చు. మీకు నెలనెలా సుమారు రూ.16,100 ఈఎంఐ ఉంది, అది ఆగదు.

2021 నవంబరు నుంచి 2022 జులై దాకా పడినట్టే మళ్లీ 76 శాతం పడితే మీ రూ.8.10 లక్షలు రూ.1.95 లక్షలవుతాయి. అదే సమయంలో ఉద్యోగం పోతే? ఖర్చు, ఈఎంఐ కలిపి నెలకు రూ.68 వేలు. మీ రూ.40 వేలతో ఒక్క నెల కూడా గడవదు. అప్పుడు అడుగు ధరకే అమ్ముకుంటారు. అసలు తప్పు షేరు ఎంపికలో లేదు, ఎమర్జెన్సీ ఫండ్ (కష్టకాలానికి పక్కన పెట్టుకునే సొమ్ము) లేకుండా అప్పుతో దిగడంలో ఉంది. పైగా షేర్లకు వాడకూడదన్న షరతు చాలా పర్సనల్ లోన్ అగ్రిమెంట్లలోనే ఉంటుంది. సంతకం చేసేముందు ఎవరూ చదవరు.

మొత్తం అమ్మేయండి. ఏడాది నిండలేదు కాబట్టి రూ.2.10 లక్షల లాభంపై 20 శాతం పన్ను, సెస్సుతో రూ.43,680 పోతుంది. దాన్ని ముట్టుకోకుండా పక్కన పెట్టండి. మిగిలేది రూ.7.66 లక్షలు. ఏడు ఈఎంఐలు కట్టాక లోన్ బాకీ సుమారు రూ.5.31 లక్షలు. ముందస్తు చెల్లింపు ఛార్జీ 4 శాతం, దానిపై జీఎస్టీ అనుకున్నా రూ.5.56 లక్షలతో లోన్ క్లోజ్ అవుతుంది. కొన్ని బ్యాంకులు 12 ఈఎంఐలు కట్టేదాకా ఒప్పుకోవు. అలాంటిదైతే ఆ సొమ్మును ఎఫ్‌డీలో ఉంచండి, షేర్లలో మాత్రం కాదు. లోన్ తీరాక బ్యాంకు నుంచి ఎన్ఓసీ (బాకీ లేదన్న పత్రం) తీసుకోండి, నెల తర్వాత మీ అప్పుల చరిత్ర చూపే సిబిల్ రిపోర్టులో ‘క్లోజ్డ్’ అని పడిందో లేదో చూసుకోండి.

పన్ను, లోన్ పోగా చేతిలో మిగిలే రూ.2.10 లక్షలు, పాత రూ.40 వేలు కలిపి రూ.2.50 లక్షలు. ఎమర్జెన్సీ ఫండ్‌గా ఆరు నెలల ఖర్చుకు రూ.3.12 లక్షలు కావాలి. ఆగిపోయిన ఈఎంఐ డబ్బును నాలుగు నెలలు అందులో వేస్తే లోటు పూడుతుంది. సగం స్వీప్ ఎఫ్‌డీలో (సేవింగ్స్ ఖాతాకు జోడించిన ఎఫ్‌డీ), సగం లిక్విడ్ ఫండ్‌లో (త్వరగా వెనక్కి తీసుకోగలిగే మ్యూచువల్ ఫండ్) ఉంచండి.

ఆరోగ్య బీమా సంగతి మీరు రాయలేదు. ఆఫీసు పాలసీ ఒక్కటే ఉంటే అది ఉద్యోగంతోనే పోతుంది, కుటుంబానికి సొంతంగా ఒకటి తీసుకోండి. ఇవన్నీ అయ్యాక ఎటర్నల్ మీద మనసుంటే జీతంలోంచి నెలకు రూ.5 వేలకు మించకుండా కొనుక్కోండి.