రక్తం ఎక్కించే ముందు పేరు అడుగు

శ్రావణి తల్లీ,

నిన్ను ఆసుపత్రిలో పిల్లల డే కేర్‌కి నర్సుగా వేశారని, అక్కడికి వచ్చేవాళ్లలో తలసీమియా పిల్లలే, అంటే పుట్టుకతోనే ఒంట్లో రక్తం సరిగా తయారవక పదేపదే ఎక్కించుకోవాల్సిన పిల్లలే ఎక్కువని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. రక్తం ఎక్కించాలంటే నీకు టెన్షన్‌గా ఉందని కూడా చెప్పింది. ఉండనీ. కొత్తలో ఆ మాత్రం భయం ఉంటేనే జాగ్రత్త అలవాటవుతుంది. రిటైరయ్యేదాకా మెడికల్ వార్డులోనూ, కాన్పుల వార్డులోనూ నేను చేసిన పనే కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను. పుస్తకంలో ఒక్క లైనులో అయిపోయి, వార్డులో ప్రాణం మీదికి తెచ్చే సంగతులే ఎక్కువ రాస్తాను.

రక్తం ఎక్కించాలి అనగానే జనం భయపడేది హెచ్‌ఐవీకి. ఆ భయం ఊరికే పుట్టలేదు. ఒకప్పుడు డబ్బులకు రక్తం అమ్ముకునేవాళ్లు ఉండేవాళ్లు. 1996లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చాక, 1998 జనవరి 1 నుంచి అలా డబ్బిచ్చి రక్తం తీసుకోవడాన్ని నిషేధించారు. ఇప్పుడు దాత ఇచ్చిన ప్రతి బ్యాగుకూ హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు తప్పనిసరి. బ్లడ్ బ్యాంకు వాళ్లు ఇంత పని చేసి బ్యాగు మన చేతికి ఇస్తారు. ఆ తర్వాత జరిగే పొరపాట్లలో అన్నిటికంటే భయంకరమైనది, ఏ లోపమూ లేని మంచి రక్తాన్ని వేరే మనిషికి ఎక్కించడం. అది ఆపగలిగే చివరి మనిషివి నువ్వే.

ఎందుకంత భయంకరమో చెప్తాను. ‘ఓ’ (O) గ్రూపు మనిషి ఒంట్లో ‘ఏ’ (A), ‘బి’ (B) గ్రూపుల కణాలను చంపే యాంటీబాడీలు పసితనం నుంచే తయారై ఉంటాయి. అంతకుముందు ఒక్కసారి కూడా రక్తం ఎక్కించుకోకపోయినా అవి ఉంటాయి. అందుకే గ్రూపు తేడా రక్తం కొద్ది మిల్లీలీటర్లు వెళ్లినా చాలు, ఎక్కిన కణాలు రక్తనాళాల్లోనే పగిలిపోతాయి. బీపీ పడిపోతుంది, మూత్రం ఎర్రగా, ముదురు రంగులో వస్తుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. ఒక్కోసారి ప్రాణమే పోతుంది.

మన వార్డుల్లో పేర్ల సంగతి నీకు తెలియనిది కాదు. ఒకే హాల్లో ఇద్దరు లక్ష్ములు, ముగ్గురు వెంకటేశ్వర్లు ఉంటారు. ఆధార్ కార్డులో ఒక పేరు, ఇంట్లో పిలిచేది ఇంకో పేరు. ఇంటిపేరు కేస్ షీట్‌లో పొట్టి అక్షరంగా, చీటీ మీద పూర్తిగా ఉంటుంది. పురిటి బిడ్డకైతే పేరే ఉండదు, ‘బేబీ ఆఫ్ లక్ష్మి’ అని రాస్తారు. కవలలైతే పక్కన ఒకటి, రెండు అని వేస్తారు. అందుకని పేరు ఒక్కటే చూసి ఊరుకోకు. పేరుతోపాటు, ఆసుపత్రిలో చేరేటప్పుడు ఇచ్చే ఐపీ నంబరు తప్పకుండా సరిచూడు. మంచం నంబరును అసలే నమ్మకు. పొద్దున ఏడో మంచం మీద ఉన్నామె మధ్యాహ్నానికి ఫ్యాన్ గాలి కోసం తొమ్మిదికి మారిపోతుంది.

‘నువ్వు లక్ష్మివేనా అమ్మా?’ అని ఎప్పుడూ అడగకు. ఊరి నుంచి మొదటిసారి పెద్దాసుపత్రికి వచ్చిన మనిషి, జ్వరంలో మూలుగుతున్న మనిషి, చెవులు సరిగా వినపడని ముసలమ్మ, సిస్టర్ ఏమడిగినా మర్యాదకు తలూపుతారు. ‘నీ పేరు చెప్పమ్మా, మీ ఆయన పేరేంటి, ఏ ఊరు?’ అని అడుగు. జవాబు వాళ్ల నోటి నుంచే రావాలి. పిల్లలైతే తల్లినో తండ్రినో అడుగు. చెప్పలేని స్థితిలో ఉంటే చేతికి కట్టిన బ్యాండు చూడు. బ్యాండు లేకపోతే ముందు అది కట్టించి, తర్వాతే బ్యాగు తగిలించు.

ఈ జాగ్రత్త బ్యాగు వచ్చాక మొదలయ్యేది కూడా కాదు, శాంపిల్ తీసేటప్పుడే మొదలవ్వాలి. పని తొందరగా అవుతుందని గొట్టాల మీద ముందే పేర్లు రాసి ట్రేలో పెట్టుకుని తిరిగే అలవాటు చాలా వార్డుల్లో ఉంది. నువ్వు మాత్రం చేయకు. ఒకరి దగ్గర రక్తం తీయి, అదే మంచం పక్కన నిలబడి లేబుల్ రాయి, తేదీ, టైము, సంతకం పెట్టు, అప్పుడు రెండో మనిషి దగ్గరికి వెళ్లు. గొట్టంలో రక్తం ఒకరిది, మీద పేరు ఇంకొకరిది అయితే, పాత రికార్డు లేని మనిషి విషయంలో బ్లడ్ బ్యాంకులో ఎంత శ్రద్ధగా చూసినా ఆ తప్పు బయటపడదు. దాత రక్తం రోగి రక్తంతో కలుస్తుందో లేదో చూసే క్రాస్ మ్యాచ్ చక్కగా సరిపోయిందనే చీటీ వస్తుంది.

బ్యాగు వచ్చాక మంచం దగ్గరే ఇద్దరు చూడాలి. ఒకరు చదువుతుంటే ఇంకొకరు ఊఁ కొట్టడం ఇద్దరు చూసినట్టు కాదు. ఎవరికి వారు చేతి బ్యాండు, కేస్ షీట్, క్రాస్ మ్యాచ్ చీటీ, బ్యాగు మీది లేబుల్ చదవాలి. పేరు, ఐపీ నంబరు, గ్రూపు, బ్యాగు నంబరు, ఎక్స్‌పైరీ తేదీ అన్నీ కలవాలి. ఒక్క అక్షరం తేడా ఉన్నా బ్యాగు వెనక్కి పంపు. డాక్టరుగారు విసుక్కుంటారు, బంధువులు గొడవ చేస్తారు. విసుక్కోనీ, గొడవ చేయనీ. అలాగే బ్యాగును వెలుతురుకు పట్టి ఒకసారి చూడు. గడ్డలున్నా, కారుతున్నా, రంగు ఊదాగా, నల్లగా మారినా ఎక్కించొద్దు.

నీ డే కేర్‌లో ఇంకో ప్రమాదం ఉంది. ఆ పిల్లలు రెండు మూడు వారాలకోసారి వస్తూనే ఉంటారు. కొన్నాళ్లకు వాళ్ల పేర్లు, వాళ్లకు నచ్చిన బొమ్మలు, ఏ చేతికి నరం బాగా దొరుకుతుందో కూడా నీకు తెలిసిపోతుంది. ‘మన చిన్నోడే కదా’ అని చెకింగ్ వదిలేసేది అప్పుడే. ఒకే ఇంట్లో అన్నదమ్ములిద్దరికీ తలసీమియా ఉండి, ఇద్దరూ ఒకేరోజు వస్తారు. ఇంటిపేరు ఒకటే, ఊరు ఒకటే, గ్రూపులు మాత్రం వేరు కావచ్చు. ఎన్నేళ్లుగా తెలిసిన బిడ్డయినా ప్రతిసారీ పేరు అడుగు. ఆ పిల్లలకే ఒక ఆటలా నేర్పు, సిస్టర్ బ్యాగు తెస్తే తమ పేరు, గ్రూపు గట్టిగా చెప్పాలని. పెద్దయ్యాక వేరే ఆసుపత్రికి వెళ్లినా ఆ అలవాటు వాళ్లను కాపాడుతుంది.

ఇక బ్యాగును చూసుకునే పద్ధతి. ఎర్ర కణాల బ్యాగు బ్లడ్ బ్యాంకులో 2 నుంచి 6 డిగ్రీల చల్లదనంలో ఉంటుంది. రక్తం పాడవకుండా కలిపే ద్రావణాల్లో సీపీడీఏ అయితే 35 రోజులు, శాగ్‌ఎం కలిపితే 42 రోజులు నిలవ ఉంటుంది. బయటికి తీశాక అరగంటలోపు మొదలుపెట్టాలి, మొదలుపెట్టాక నాలుగు గంటల్లో అయిపోవాలి. ఆలస్యమయ్యేకొద్దీ బ్యాక్టీరియా పెరుగుతుంది. చాలాచోట్ల బ్యాగు తేవడానికి బంధువులనే పంపుతారు. వాళ్లు దాన్ని క్యారీ బ్యాగులో వేసుకుని, ఎండలో బండి మీద వచ్చి, దారిలో టీ కూడా తాగి వస్తారు. వాళ్లకు తెలియదు పాపం. పంపే ముందే ఐస్ ప్యాకులున్న డబ్బా చేతికిచ్చి, నేరుగా రమ్మని చెప్పు. ఐస్ నేరుగా బ్యాగుకు తగలకూడదని కూడా చెప్పు.

రోగికి ఇంకా నరం దొరకలేదు, డాక్టరు రాలేదు అని బ్యాగును స్టాఫ్ రూము ఫ్రిజ్‌లో పెట్టకు. ఆ ఫ్రిజ్‌లో చల్లదనం ఎక్కుతుంది, దిగుతుంది. ఫ్రీజర్ పక్కన గడ్డకడితే కణాలన్నీ పగిలిపోతాయి. ముందు నరం పెట్టి, జ్వరం, నాడి, బీపీ చూసి రాసుకుని, తర్వాత బ్యాగు తెప్పించుకో. చల్లగా ఉందని వేడినీళ్లలో ముంచడం, హీటరు దగ్గర పెట్టడం కూడా అంతే ప్రమాదం. ప్లేట్‌లెట్లను మాత్రం పొరపాటున కూడా ఫ్రిజ్‌లో పెట్టకూడదు. అవి 20 నుంచి 24 డిగ్రీల దగ్గర కదులుతూ ఉండాలి, ఐదు రోజులే నిలవ. డెంగీ సీజన్‌లో నీకు ఇది పనికొస్తుంది.

రక్తం ఎక్కే గొట్టంలో నార్మల్ సెలైన్ తప్ప ఇంకేదీ కలవకూడదు. డెక్స్‌ట్రోజ్ తగిలితే కణాలు ఉబ్బి పగులుతాయి, రింగర్ లాక్టేట్‌లోని కాల్షియం వల్ల రక్తం గడ్డకడుతుంది. మందు ఇంజెక్షన్లు కూడా ఆ లైనులో వేయకు.

మొదటి పదిహేను నిమిషాలు చుక్కలు నెమ్మదిగా పెట్టి మంచం దగ్గరే ఉండు. ఫోను మోగినా, ఇంకో వార్డు సిస్టర్ పిలిచినా కదలకు. పెద్ద రియాక్షన్లు సాధారణంగా ఆ కాసేపట్లోనే బయటపడతాయి. చలి, వణుకు, జ్వరం, నడుము నొప్పి, ఛాతీ పట్టేసినట్టు ఉండటం, సూది ఉన్న చెయ్యి మంట, ఒళ్లంతా దద్దుర్లు, ఆయాసం, వీటిలో ఏది కనిపించినా వెంటనే రక్తం ఆపు. సూది తీయకు, కొత్త సెట్‌తో సెలైన్ పెట్టి నరం నిలుపుకో. డాక్టరును పిలుస్తూనే పేరు, బ్యాగు నంబరు మళ్లీ సరిచూడు. బ్యాగు, సెట్ పారేయకుండా కొత్త శాంపిల్‌తోపాటు బ్లడ్ బ్యాంకుకు పంపు. ‘ఏదో తెలియని భయంగా ఉంది సిస్టర్’ అని పేషెంట్ అంటే కొట్టిపారేయకు. నేను ఆ మాటను థర్మామీటరు కంటే ఎక్కువ నమ్మాను. నోరులేని పసిపిల్ల అయితే ఉన్నట్టుండి ఏడుపు మొదలుపెడుతుంది, అది సూది నొప్పే అనుకోవద్దు.

రియాక్షన్ వస్తే రిపోర్టు రాయి. మన దేశంలో 2012 డిసెంబరు నుంచి ఇలాంటి రియాక్షన్ల లెక్క రాసే హీమోవిజిలెన్స్ కార్యక్రమం నడుస్తోంది. ఎవరినో శిక్షించడానికి కాదు, అలాంటిది మళ్లీ జరగకుండా చూడటానికి.

తలసీమియా తల్లిదండ్రులతో మాట్లాడే ఓపిక తెచ్చుకో. వాళ్లకు ఎవరూ తీరిగ్గా చెప్పని విషయం ఇనుము. ప్రతి బ్యాగుతో 200 మిల్లీగ్రాములకు పైగా ఇనుము ఒంట్లో చేరుతుంది, దాన్ని బయటికి పంపే దారి మన శరీరానికి లేదు. గుండెలో, లివర్‌లో పేరుకుపోతుంది. అందుకే ఒంట్లో ఇనుము ఎంత పేరుకుందో చెప్పే ఫెరిటిన్ పరీక్ష, ఇనుము తీసే మాత్రలు ఆపకూడదు. బిడ్డ నీరసంగా ఉందని అమ్మమ్మలు ఐరన్ టానిక్ కొని పట్టిస్తారు. ఈ పిల్లలకు అది పట్టించొద్దని ప్రతి ఇంటికీ విడమరిచి చెప్పు. రక్తం ఎక్కించే ముందు హిమోగ్లోబిన్ 9 నుంచి 10.5 మధ్య ఉండేలా చూస్తే పిల్ల బాగా ఎదుగుతుంది. ఛార్జీలు మిగుల్తాయని ఆరుకో ఏడుకో పడిపోయేదాకా ఆగొద్దని చెప్పు.

‘నీ కడుపు వల్లే వచ్చింది’ అని అత్తగారు కోడల్ని అనడం నువ్వు అక్కడ వింటావు. ఊరుకోకు. తల్లి, తండ్రి ఇద్దరూ క్యారియర్లు, అంటే తమకు జబ్బు లేకుండా ఆ లోపాన్ని మోసేవాళ్లు అయితేనే బిడ్డకు తలసీమియా మేజర్ అనే తీవ్రమైన రకం వస్తుంది, అప్పుడు కూడా ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు అవకాశం. మేనరికాల్లో ఇద్దరూ క్యారియర్లు అయ్యే అవకాశం ఎక్కువ. హెచ్‌బీ ఏ2 పరీక్షతో క్యారియర్ సంగతి తెలుస్తుంది. రెండో బిడ్డ కావాలనుకుంటే గర్భం రాకముందే డాక్టరుతో మాట్లాడమను. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో తలసీమియా, సికిల్ సెల్, హీమోఫీలియా ఉన్నాయని, సర్టిఫికెట్ తీసుకోవచ్చని చాలామందికి తెలియదు. హైదరాబాద్‌లో ఈ పిల్లల తల్లిదండ్రులే కలిసి 1998లో పెట్టుకున్న తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ ఉంది, ఆ దారి చూపించు.

‘మా రక్తమే ఎక్కించండి, బయటివాళ్లది వద్దు’ అంటారు కన్నవాళ్లు. ప్రేమతో అనే మాటే, కానీ దగ్గరి రక్తసంబంధీకుల రక్తంలోని తెల్ల కణాలు బిడ్డ ఒంట్లో నిలదొక్కుకుని ఆ ఒంటి మీదే దాడి చేసే అరుదైన ప్రమాదం ఉంది. బ్యాగుకు రేడియేషన్ ఇచ్చి ఆ ప్రమాదాన్ని తప్పిస్తారు, లేదా అసలు ఆ రక్తం వాడరు. పైగా ఇంట్లోవాళ్ల ముందు మొహమాటానికి రక్తం ఇచ్చే బావమరిది తన అలవాట్లు దాస్తాడు. ఇన్ఫెక్షన్ సోకిన తొలి రోజుల్లో పరీక్షకు దొరకదు కూడా. ఏ మొహమాటమూ లేకుండా తనంతట తాను వచ్చి ఇచ్చే దాతే మేలు. 18 నుంచి 65 ఏళ్ల మధ్య, 45 కిలోలకు తగ్గకుండా, హిమోగ్లోబిన్ 12.5కు తగ్గకుండా ఉన్న ఆరోగ్యవంతులు ఇవ్వొచ్చు. మగవాళ్లు మూడు నెలలకు, ఆడవాళ్లు నాలుగు నెలలకు మళ్లీ ఇవ్వొచ్చు. పిల్లల తల్లిదండ్రులకు ఊళ్లో యువకులను కూడగట్టమని చెప్పు, ఎండాకాలంలో రక్తం దొరకడం కష్టం.

చివరిగా నీ గురించి. సూది గుచ్చుకుంటే వేలు పిండకు, నోట్లో పెట్టుకోకు. సబ్బు, నీళ్లతో కడుక్కుని వెంటనే ఇన్‌ఛార్జికి చెప్పు. హెచ్‌ఐవీ నివారణ మందు అవసరమైతే మొదటి రెండు గంటల్లో మొదలుపెట్టడం మేలు, 72 గంటలు దాటితే ఉపయోగం ఉండదు, 28 రోజులు వాడాలి. ఎవరేమనుకుంటారో అని దాచుకునే అమ్మాయిలను చూశాను, నువ్వు అలా చేయకు. వాడిన సూదికి మళ్లీ క్యాప్ పెట్టకు. హెపటైటిస్ బి టీకా రెండు డోసులు వేయించుకున్నావని మీ అమ్మ చెప్పింది. మొదటి డోసుకు ఆరు నెలల తర్వాత వేసే మూడోది ఎప్పుడో తేదీ రాసి పంపు, ఆ రోజు నేనే ఫోన్ చేస్తాను.

నీ పెద్దమ్మ