బీరువా మీద బ్యాట్

ప్రశ్న: మా బాబు తొమ్మిదో తరగతి. ఐఐటీ ఫౌండేషన్‌లో చేర్చాం. పొద్దున ఏడింటికి వెళ్తే సాయంత్రం ఆరింటికి వస్తాడు. టైమ్‌టేబుల్లో గేమ్స్ పీరియడ్ ఉన్నా అందులోనూ స్లిప్ టెస్టులే. చదువు పాడవుతుందని వీధిలో క్రికెట్ మేమే మాన్పించి, బ్యాట్ బీరువా మీద పెట్టేశాం. ఆర్నెల్లయింది. మార్కులు పెరగలేదు సరికదా, చీటికీ మాటికీ చిరాకు, తలనొప్పి. రాత్రి పన్నెండైనా నిద్రపోడు. మొన్న ఆదివారం బ్యాట్ దించి, దుమ్ము తుడిచి, మళ్ళీ అక్కడే పెట్టేశాడు. ఏం చేయాలి?
— ఓ తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, ఆ బ్యాట్ సంగతి చదవగానే గుండె కలుక్కుమంది. ఆడుకుంటానని పేచీ పెట్టే పిల్లాడి గురించి నాకు బెంగ లేదు. అడిగినా లాభం లేదని ఊరుకున్నాడే, ఆ పిల్లాడి గురించే బెంగ.

ఆట మానితే ఆ గంట చదువుకి కలుస్తుందనుకున్నారు. కలవదు. పగలంతా బెంచీ మీద కూర్చున్న ఒంటికి అలుపుండదు, రాత్రి నిద్ర పట్టదు. నిద్ర చాలకపోతే చదివింది నిలవదు. 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్ళు అలిసే కదలిక కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మీ బాబుకి స్కూలు మెట్లెక్కడం తప్ప ఏముంది?

వీధి క్రికెట్‌లో మొదటి బంతికే ఔటవుతాడు, కాదని గొడవపడతాడు, మర్నాడు మళ్ళీ వాళ్ళతోనే ఆడతాడు. ఓడిపోవడం మామూలేనని వంటబట్టేది అక్కడే. ఇప్పుడతనికి ఓటమంటే టెస్టులో తగ్గిన మార్కే. అది చెప్పుకోవడానికి పక్కన స్నేహితుడూ లేడు.

సాయంత్రం రాగానే ఏదైనా తినిపించి ముప్పావుగంట వదిలేయండి. చీకటి పడితే వీధి దీపం కింద షటిల్ అయినా సరే. 'మార్కులొస్తేనే ఆట' అని మాత్రం అనకండి. అకాడమీలోనూ చేర్చొద్దు, అది ఇంకో ట్యూషన్ అవుతుంది. నలుగురు తల్లిదండ్రులు కలిసి స్కూలుకి వెళ్ళి గేమ్స్ పీరియడ్ గేమ్స్‌కే ఇవ్వమని అడగండి. బడికి ఆటస్థలం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టమే చెబుతోంది, మొహమాటపడక్కర్లేదు.

తలనొప్పికి ముందు కళ్ళు పరీక్ష చేయించండి. నెల్లాళ్ళకీ చిరాకు, నిద్రలేమి తగ్గకపోయినా, తిండి తగ్గించి ఒంటరిగా ఉంటున్నా, బతకాలని లేదన్నట్టు ఒక్క మాట అన్నా ఆలస్యం చేయకుండా మానసిక వైద్యులకు చూపించండి.

ఈ రాత్రే వాళ్ళ నాన్నగారిని బ్యాట్ దించి చేతికివ్వమనండి. 'మేం తొందరపడ్డాం రా' అని ఆయనే చెప్పాలి. గ్రిప్ ఊడిపోయి ఉంటే కొత్తది వేయించుకోమని డబ్బులివ్వండి.