తోట అమ్మేసి అబ్బాయి దగ్గరికి వెళ్లిపోవాలా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లె. నాకు 61 ఏళ్లు. మావారు పోయి అయిదు నెలలైంది. ఆయన వీలునామా రాయలేదు. రెండెకరాల కొబ్బరి తోట ఉంది. ఇన్సూరెన్స్, బ్యాంకు డిపాజిట్లు కలిపి 24 లక్షలు చేతికొచ్చాయి. రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన మూడు లక్షల అప్పు మిగిలింది. నెలకు 14 వేలుంటే నాకు గడిచిపోతుంది. హైదరాబాద్‌లో ఉన్న అబ్బాయి తోట అమ్మేసి వచ్చేయమంటున్నాడు. ఆ డబ్బుతో తన ఫ్లాటు లోను తీర్చేద్దామంటాడు. అమ్మాయి పాలకొల్లులో ఉంటుంది. ఇల్లు, చర్చి వదిలి వెళ్లాలని నాకు లేదు. కానీ ఇదే దేవుని చిత్తమేమో, కాదంటే నాకు విశ్వాసం లేనట్టేమో అని రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, మీవారు తోట లెక్కలు రాసుకున్న నోట్‌పుస్తకం పేజీ ఫొటో మీరు పంపారు కదా, చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. పెన్సిలుతో గీసిన గళ్లు. దింపు (చెట్ల నుంచి కాయలు దించడం) తేదీ, కాయలు, ధర, దింపు కూలి, పీచు వలుపు కూలి. చివరి వరుసలో తేదీ, కాయల లెక్క ఉన్నాయి. ధర గడి ఖాళీగా ఉంది. ఆ కాయలు అమ్మకముందే ఆయన వెళ్లిపోయారని అర్థమైంది.

బైబిల్లో ఎలీషా ప్రవక్త దగ్గరికి వచ్చిన విధవరాలి కథ మీకు నాకన్నా బాగా తెలుసు. భర్త పోయాడు, అప్పులవాడు గుమ్మంలో ఉన్నాడు. ప్రవక్త ఆమెను ఊరు వదిలి పొమ్మనలేదు. ఇంట్లో ఏముందని అడిగాడు. కుండలో కాస్త నూనె ఉందని ఆమె చెప్పింది. దేవుని కార్యం ఆ నూనెతోనే మొదలైంది, అది పాత్రలన్నీ నిండేంతగా పెరిగింది. ఆ నూనె అమ్మి అప్పు తీర్చి, మిగిలినదానితో బతకమన్నాడు. నాకు తెలిసి ఇంతకన్నా మంచి ఆర్థిక సలహా లేదు. మీ ఇంట్లో ఏముందో ఆ పేజీలోనే ఉంది: ఖర్చులు పోను ఏడాదికి దాదాపు 90 వేలు తెచ్చే తోట.

దేవుని చిత్తం ఏదో చెప్పే అర్హత నాకు లేదు. కానీ భయంతో తెల్లారేలోపు తీసుకున్న నిర్ణయానికి ఆ పేరు పెట్టకండి. భర్త పోయిన మొదటి ఏడాది భూమి అమ్మకం, రాసివ్వడం, ఊరు మారడం వద్దని నా దగ్గరికొచ్చే ప్రతి ఒక్కరికీ చెబుతాను.

1996 నవంబర్ 6 తుపానులో మా తోట సగానికి పైగా పడిపోయింది. ఆ వారంలోనే ఒకాయన వచ్చి, పడిన చెట్లతో సహా కొంటానన్నాడు. సంక్రాంతి వెళ్లాక మాట్లాడదామని మా నాన్న చెప్పి పంపేశారు. రోజూ ప్రార్థన చేసుకునేవారు, రోజూ మొద్దులు తీయించేవారు. కొబ్బరి మొక్క కాపుకొచ్చేదాకా ఆరేడేళ్లు ఆగాలి కదా, మధ్యలో అరటి వేశారు. ఆ గెలల డబ్బుతోనే నా కాలేజీ ఫీజు కట్టారు. సంక్రాంతికి ఆ కొనేవాడు మళ్లీ వచ్చాడు గానీ, అప్పటికి మా నాన్నకు అమ్మే అవసరం కనిపించలేదు.

ఇక డబ్బు సంగతి. ముందు అప్పు తీర్చేయండి, ఈ వారమే. మూడు లక్షలకు నెలకు ఆరు వేలు, ఏడాదికి 72 వేల వడ్డీ పోతోంది. అంత వడ్డీ ఇచ్చే డిపాజిట్ ఎక్కడా దొరకదు. డబ్బు ఇచ్చేటప్పుడు ప్రామిసరీ నోటు వెనక్కి తీసుకుని, చెల్లు రాయించుకోండి.

మిగిలే 21 లక్షల్లో 15 లక్షలు పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో వేయండి. నేనిది రాసేటప్పటికి వడ్డీ 8.2 శాతం. మూడు నెలలకోసారి 30,750 రూపాయలు వస్తాయి, అంటే నెలకు 10,250. అయిదేళ్ల డిపాజిట్ ఇది, ఏడాదిలోపు తీస్తే వడ్డీ రాదు. అందుకే మిగతా ఆరు లక్షలు రెండు బ్యాంకుల్లో చెరి మూడు లక్షలుగా ఉంచండి. ఒక్కో బ్యాంకులో అయిదు లక్షల వరకు డిపాజిట్‌కు బీమా ఉంటుంది, వైద్యం లాంటి అవసరానికి వెంటనే తీసుకోవచ్చు. పోస్టాఫీసు వడ్డీకి తోట ఆదాయం నెలకు 7,500 కలిపితే 17,750. మీ ఖర్చు 14 వేలే. చర్చికి కానుక ఇవ్వాలనుంటే ఈ వడ్డీలోంచే ఇవ్వండి, అసలు కదపకండి.

తోట విషయంలో ఇంకో మాట. వీలునామా లేదు కాబట్టి, క్రైస్తవ కుటుంబాలకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం భార్యకు మూడో వంతు, మిగతా రెండు వంతులు పిల్లలకు సమానంగా వస్తాయి. అంటే మీకు, అబ్బాయికి, అమ్మాయికి తలా ఒక వంతు. అమ్మాయి సంతకం లేకుండా తోట మొత్తం అమ్మడం కుదరదు, ఆమెను అడగకుండా ఈ మాట ముందుకు తీసుకెళ్లొద్దు. తహసీల్దార్ ఆఫీసు నుంచి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకుని పాసుపుస్తకంలో పేర్లు మార్పించుకోండి. మీ వంతు అబ్బాయికి రాయాలనిపిస్తే వీలునామా రాయండి, తర్వాత మనసు మారితే మార్చుకోవచ్చు. గిఫ్ట్ డీడ్ అలా కాదు. అదే రాయాల్సి వస్తే, మిమ్మల్ని చూసుకోవాలనే షరతు అందులో ఉండాలి. అప్పుడే, ఆ షరతు తప్పితే 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల సంక్షేమ చట్టం కింద రద్దు చేయమని అడగొచ్చు.

మీ అబ్బాయి చెడ్డవాడని నేననుకోవడం లేదు. అమ్మ ఒంటరిగా ఉందన్న దిగులు ఒకవైపు, ఈఎంఐ టెన్షన్ మరోవైపు. తోట మాట పక్కన పెట్టి, రెండు నెలలు అతని దగ్గరికి వెళ్లి ఉండి రండి. అక్కడి చర్చికి వెళ్లండి, మనవళ్లతో గడపండి. ఉండగలరో లేదో మీకే తెలుస్తుంది. తాళం మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి.

ఒంటరిగా తోట చూసుకోలేననిపిస్తే తెలిసిన రైతుకు కౌలుకిచ్చి, 11 నెలలకు కాగితం రాసుకోండి. అంతకుముందు ఒక్క దింపు మీరే దగ్గరుండి చేయించండి. ఆ పుస్తకంలో ఖాళీగా ఉన్న గడి నింపి, దాని కింద కొత్త వరుస మీ చేత్తో రాయండి. ఆ ఫొటో నాకు పంపితే కౌలు ఎంత అడగాలో లెక్క కట్టి చెబుతాను.