డ్యామ్ కట్ట కింద ఊట వస్తోంది, ఆఫీసులో రిపోర్ట్ చూపించట్లేదు. ఏం చెయ్యాలి?

ప్రశ్న: సర్, మా టౌన్‌కి తాగునీళ్లు ఇచ్చే డ్యామ్‌కి దిగువన, కట్టకి అర కిలోమీటర్‌లోపే మా ఇళ్లున్నాయి. పోయిన వానాకాలం నుంచి కట్ట అడుగున ఊట పెరిగింది, ఒక షట్టర్ పైకి లేవట్లేదు, కట్ట నిండా సర్కారు తుమ్మ. ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారిని అడిగితే "అన్ని డ్యాములకీ ఉండేదే, మీకెందుకు" అన్నారు, ఇన్‌స్పెక్షన్ రిపోర్ట్ అడిగితే బయటికి ఇవ్వరన్నారు. వాళ్ల మీద కేసు పెట్టొచ్చా? రేపు గండి పడితే ఎవరిది బాధ్యత?

జవాబు: కేసు సంగతి తర్వాత మాట్లాడదాం, ముందు మీరు ఏఈ గారిని నోటితో అడిగారా, కాగితం మీద అడిగారా? మీ ఉత్తరం చూస్తే నోటితోనే అడిగినట్టుంది. అలా అడిగింది చట్టం దృష్టిలో అడగనట్టే లెక్క. నా దగ్గరికి ఇలాంటి కట్ట విషయంలోనే ఒక ఊరివాళ్లు వచ్చారు, రెండేళ్లుగా ఆఫీస్ చుట్టూ తిరిగాం అన్నారు, నిజంగానే తిరిగారు పాపం, కానీ ఒక్క రసీదు లేదు, "డిపార్ట్‌మెంట్‌కి ఎప్పుడు చెప్పారు" అని జడ్జి గారు అడిగితే నా దగ్గర చూపించడానికి ఏమీ లేదు, ఆ రోజు నేను పడిన బాధ ఇప్పటికీ గుర్తుంది. అందుకే ఈ రోజే ఒక అర్జీ రాసి, స్టాంప్ వేయించుకున్న కాపీ ఇంట్లో పెట్టుకోండి, తీసుకోం అంటే రిజిస్టర్డ్ పోస్ట్‌లో పంపండి.

ఇక చట్టం. 2021 నవంబర్ 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్ట్ మట్టికట్ట కొట్టుకుపోయి దిగువ ఊళ్లు ఏమయ్యాయో మనందరం చూశాం. నెలన్నర తిరక్కుండా, అదే ఏడాది డిసెంబర్ 30 నుంచి డ్యామ్ సేఫ్టీ యాక్ట్ అమల్లోకి వచ్చింది. ఈ చట్టం ప్రతి చెరువుకీ వర్తించదు. ఎత్తు 15 మీటర్లు దాటితే వర్తిస్తుంది, 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉంటే మాత్రం ఇంకో షరతు కూడా కలవాలి, అంటే కట్ట పొడవు 500 మీటర్లకి తగ్గకుండా ఉండటమో, నిల్వ 10 లక్షల ఘనపు మీటర్లకి తగ్గకుండా ఉండటమో, అంటే మనవాళ్ల లెక్కలో సుమారు 35 ఎంసీఎఫ్‌టీ (మిలియన్ ఘనపు అడుగులు), ఇలాంటివి ఇంకొన్ని ఉన్నాయి, ఏదో ఒకటి ఉంటే చాలు. ఇక్కడే చాలామంది మోసపోతారు, ఎత్తు అంటే మనకి పైకి కనిపించే ఎత్తు కాదు, పునాదిలో అన్నిటికంటే లోతైన చోటు నుంచి కట్ట పైదాకా కొలవాలి. "మాది చిన్న డ్యామ్ అండి, ఆ చట్టం కిందకి రాదు" అని ఆఫీస్‌లో అంటే ఆ కొలతలే రాసిమ్మని అడగండి.

డ్యామ్ మున్సిపాలిటీది అయినా, ఇరిగేషన్ వాళ్లది అయినా తేడా లేదు, స్థానిక సంస్థ కూడా చట్టం ప్రకారం ఓనరే. ఓనర్ ఏటా వానాకాలం ముందు ఒకసారి, తర్వాత ఒకసారి ఇన్‌స్పెక్షన్ చేయించాలి, వరద వచ్చినా, కట్టలో తేడా ఏదైనా కనిపించినా మళ్లీ చేయించాలి. మీరు చెప్పిన ఊట ఆ "తేడా" కిందకే వస్తుంది, అంటే మీరు రాతపూర్వకంగా చెప్పిన క్షణం నుంచి వాళ్లకి తెలియదు అనే మాట చెల్లదు. ఇంకోటి, పాత డ్యాములకి ఎమర్జెన్సీ యాక్షన్ ప్లాన్, బయటి నిపుణులతో పూర్తిస్థాయి భద్రత పరీక్ష, ఈ రెండిటికీ చట్టం ఐదేళ్లు గడువు ఇచ్చింది, లెక్కేస్తే 2026 డిసెంబర్ ఆఖరు. గండి పడితే నీళ్లు ఎంతసేపట్లో మీ వీధికి వస్తాయి, ఎవరు ఎవరికి ఫోన్ చెయ్యాలి, మిమ్మల్ని ఎటు తరలించాలి అన్నవి ఉండాల్సింది ఆ ప్లాన్‌లోనే, కాబట్టి మీకు అన్నిటికంటే ముఖ్యమైన కాగితం అదే.

అది ఎలా సంపాదించాలి? సమాచార హక్కు చట్టం, 2005. ఓనర్ ఆఫీస్‌లోని పౌర సమాచార అధికారికి అర్జీ పెట్టండి, ఫీజు 10 రూపాయలే. "డ్యామ్ భద్రత వివరాలు ఇవ్వండి" అని పొడిగా రాయొద్దు, అలా రాస్తే పొడిగానే జవాబు వస్తుంది. గత మూడేళ్ల వానాకాలం ముందు, తర్వాత ఇన్‌స్పెక్షన్ రిపోర్టులు, షట్టర్లు ఎత్తి దించి చూసిన రిజిస్టర్, ఊట కొలతలు రాసిన పుస్తకం, రిపేర్లకి మంజూరైన డబ్బు, ఖర్చయిన డబ్బు, ఎమర్జెన్సీ ప్లాన్ అని విడివిడిగా అడగండి. మామూలుగా 30 రోజుల్లో ఇవ్వాలి, ప్రాణానికి సంబంధించిన సమాచారం అయితే 48 గంటల్లోనే ఇవ్వాలి, మీ కింద ఇళ్లున్నాయి కాబట్టి ఆ సంగతి అర్జీ మొదటి లైన్‌లోనే రాయండి. సీక్రెట్ అంటే ఏ సెక్షన్ కింద సీక్రెట్టో వాళ్లు రాసివ్వాలి, నిజంగా దాచాల్సిన పేజీ ఉంటే అది తీసేసి మిగతాది ఇవ్వాలి, ప్రజల మేలు ఎక్కువ అనుకుంటే దాచాల్సింది కూడా ఇవ్వొచ్చని చట్టమే చెప్తోంది. జవాబు రాకపోతే 30 రోజుల్లోపు మొదటి అప్పీల్ వెయ్యండి, వదిలెయ్యకండి.

ఇంకో పని. ఊట అనేది మట్టికట్టకి కొంత మామూలే, అందులో ఏఈ గారు చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. తేట నీళ్లు ఒకే ధారగా వస్తుంటే ఒక సంగతి, మట్టి కొట్టుకుని వస్తుంటే వేరే సంగతి, కట్ట లోపల మట్టి కరిగి బుంగ పడుతోందని అర్థం. ఇందాక చెప్పిన ఊరిలోనే ఒక పెద్దావిడ రోజూ పొద్దున్నే ఒక గాజు సీసాలో ఊట నీళ్లు పట్టి, దాని మీద కాగితం ముక్క అంటించి తేదీ వేసి అరుగు మీద పెట్టేది, మొదటి వారం సీసాలు తేటగా ఉన్నాయి, మూడో వారానికి అడుగున వేలు మందం ఒండ్రు పేరుకుంది. రెండోసారి కోర్టుకి వెళ్లినప్పుడు నేను ఆ సీసాల వరస ఫోటోనే ముందు పెట్టాను. మీరూ అలా చెయ్యండి, ఫోన్‌లో ఒకే చోట నిలబడి వారానికో ఫోటో తియ్యండి. కానీ కుర్రాళ్లని పంపి ఆ ఊట మీద బంకమట్టి కొట్టి మూయించకండి, నీళ్లు లోపలే ఒత్తిడి పెంచి ఇంకోచోట బుంగ పెడతాయి, మట్టిని ఆపి నీటిని వదిలేలా ఇసుక, కంకర వేసేది ఇంజనీర్లే, వాళ్ల పని వాళ్లనే చెయ్యనివ్వండి.

షట్టర్ విషయం తేలిగ్గా తీసుకోకండి. 2024 ఆగస్ట్ 10 రాత్రి తుంగభద్ర డ్యామ్‌లో 19వ గేట్ చైన్ తెగి గేటే కొట్టుకుపోయింది, అంత పెద్ద డ్యామ్, రోజూ మనుషులు కనిపెట్టుకుని ఉండే డ్యామ్. మీ దగ్గర లేవని షట్టర్ ఉండగా వరద వస్తే నీళ్లు కట్ట మీదుగా పొర్లుతాయి, మట్టికట్ట మీద నీళ్లు పొర్లితే ఇక నిలవదు.

కేసు పెట్టొచ్చా అన్నారు. డ్యామ్ సేఫ్టీ యాక్ట్ 41వ సెక్షన్‌లో, ఆదేశాలు పాటించకపోతే ఏడాది దాకా, దానివల్ల ప్రాణాలు పోయినా ప్రమాదం ముంచుకొచ్చినా రెండేళ్ల దాకా జైలు ఉంది. కానీ ఆ ఫిర్యాదు కోర్టులో వెయ్యాల్సింది ప్రభుత్వమో, ఆ చట్టం కింద పెట్టిన కమిటీ, అథారిటీ, రాష్ట్ర డ్యామ్ సేఫ్టీ ఆర్గనైజేషన్ లాంటి సంస్థలో, మనలాంటివాళ్లం నేరుగా వెయ్యలేం. ఇది నాకు నచ్చదు, కట్ట కింద బతికేవాడికి ఆ తలుపు మూసెయ్యడం తప్పని నా అభిప్రాయం, కానీ ఈ రోజుకి చట్టం అది. అందుకే మీ అర్జీ కాపీ రాష్ట్ర డ్యామ్ సేఫ్టీ ఆర్గనైజేషన్‌కి, కలెక్టర్ గారికి కూడా పంపండి, కలెక్టరే జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకి చైర్మన్. మీ డ్యామ్ ఈ చట్టం కిందకి రానంత చిన్నదైతే, కూలేలా ఉన్న కట్టడాన్ని రిపేర్ చేయించమని ఆర్డీవో గారి దగ్గర కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 152వ సెక్షన్ కింద అడగొచ్చు, దాన్నే పాత సీఆర్‌పీసీలో 133 అనేవాళ్లం. డబ్బుల్లేవు అనే సాకు మున్సిపాలిటీకి పనికిరాదని రత్లాం కేసులో 1980లోనే సుప్రీం కోర్టు చెప్పేసింది.

వీటికి నెల, నెలన్నరలో కదలిక లేకపోతే హైకోర్టులో రాజ్యాంగం 226వ ఆర్టికల్ కింద రిట్, అంటే అధికారులతో వాళ్ల పని చేయించమని అడిగే పిటిషన్. పిల్ (ప్రజా ప్రయోజన వ్యాజ్యం) అక్కర్లేదు, ప్రమాదం మీ ఇంటికే కాబట్టి మీ పేరుతోనే వెయ్యొచ్చు. ఇన్‌స్పెక్షన్ చేయించండి, రిపోర్ట్ కోర్టు ముందు పెట్టండి, షట్టర్ బాగుచేసేదాకా నీటిమట్టం తగ్గించి ఉంచండి అని అడుగుదాం. ఆ మూడోది అడిగేటప్పుడు టౌన్‌కి తాగునీళ్లు ఆగకుండా అని కూడా రాయాలి, లేకపోతే ఊరు ఊరంతా మీ మీదకి వస్తుంది, వాళ్లదీ న్యాయమే. లాయర్ ఫీజు ఇబ్బంది అయితే ఆడవాళ్లకి, ఎస్సీ, ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా లీగల్ సర్వీసెస్ అథారిటీ ఉచితంగా లాయర్‌ని ఇస్తుంది, మీ వీధిలో ఆడవాళ్ల పేరుతోనే వెయ్యండి.

గండి పడితే బాధ్యత ఎవరిది అంటే, ఓనర్‌ది. పంజాబ్‌లో ఒక ప్రభుత్వ కాలువకి గండి పడి పొలాలు మునిగిన కేసు, మోడరన్ కల్టివేటర్స్ కేసు అంటారు, 1964లో సుప్రీం కోర్టు తేల్చింది. సరిగ్గా చూసుకునే కాలువకి గండి పడదు, పడిందంటేనే నిర్లక్ష్యం ఉందనుకోవాలి అని, పైగా ప్రభుత్వం తన దగ్గరున్న కాగితాలు కోర్టులో పెట్టలేదు కాబట్టి అవి దానికి వ్యతిరేకమే అనుకోవాలి అని. మీ ఏఈ గారు చూపించని రిపోర్ట్ రేపు ఆయన డిపార్ట్‌మెంట్‌కే ఎదురు తిరుగుతుంది, ఈ మాట ఆయనకి మర్యాదగా చెప్పి చూడండి, కొన్నిసార్లు దానికే ఫైల్ కదులుతుంది.

ఇవన్నీ ఊట తేటగా ఉన్నంతవరకే. ఏ రోజైనా నీళ్లు ఎర్రగా, బురదగా మారినా, ధార ఉన్నట్టుండి పెద్దదైనా అర్జీ రాస్తూ కూర్చోకండి, 112కి, కలెక్టరేట్ కంట్రోల్ రూమ్‌కి ఫోన్ చేసి, పిల్లల్ని, పెద్దవాళ్లని తీసుకుని మెరక మీదకి వెళ్లిపోండి, రాత్రి అయినా సరే.